నీళ్ళు చూసి సబ్బు చెప్పు

అల్లుడూ,

అనంతపురంలో వాషింగ్ మెషిన్ల రిపేరు షాపులో చేరావని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషం. బెల్టు మార్చడం, డ్రెయిన్ పంపు విప్పడం మీ మేస్త్రీ నేర్పుతాడు. పని ముగించి సంచి సర్దుకుంటుంటే ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న అడుగుతారు, దాని గురించి రాస్తున్నాను. "పౌడర్ మంచిదా, లిక్విడ్ మంచిదా?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేశావంటే నీకు పని రానట్టే. మన జిల్లాలో ముందు నువ్వే ఎదురు ప్రశ్న వేయాలి: "మీకు ఏ నీళ్ళమ్మా?"

పీఏబీఆర్ జలాశయం నుంచి వచ్చే కుళాయి నీళ్ళు ఎక్కువగా తుంగభద్రవి, వాటితో పెద్ద ఇబ్బందుండదు. బోరు నీళ్ళు అలా కాదు. గ్రానైటు రాళ్ళ సందుల్లో ఏళ్ళకొద్దీ నిలిచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని పైకొస్తాయి. వాటినే మనవాళ్ళు ఉప్పు నీళ్ళంటారు. తాగే నీళ్ళలో ఈ లవణాల వల్ల వచ్చే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. దాన్ని కొలిచే మీటరు నీ సంచిలో లేకపోయినా ఫర్వాలేదు. కందిపప్పు తొందరగా ఉడుకుతుందా అని అడుగు. ఉడకదంటే సగం సంగతి తెలిసినట్టే. మిగతా సగానికి ఒక సీసాలో సగం దాకా ఆ నీళ్ళు పోసి, మామూలు సబ్బు నాలుగు తురుములు వేసి గట్టిగా కుదుపు. మంచి నీళ్ళయితే నురగ నిలబడుతుంది. ఉప్పు నీళ్ళయితే విరిగిన పాలలా తెల్ల తరకలు తేలుతాయి.

ఉప్పు నీళ్ళయితే పౌడర్ వైపు మొగ్గు చూపు. మంచి మెషిన్ పౌడర్‌లో మురికి వదిలించే సరుకుతో పాటు సోడా, జియోలైట్ లాంటివి ఉంటాయి. ముందు అవి కాల్షియాన్ని పట్టుకుంటాయి, ఆ తర్వాత మురికి వదిలించే సరుకు తన పని తాను చేసుకుంటుంది. 1946లో అమెరికాలో వచ్చిన టైడ్ పౌడర్‌కు పేరొచ్చింది ఇందుకే. సబ్బు తరకలు కట్టే నీళ్ళలో కూడా అది బట్టలు శుభ్రం చేసింది. లిక్విడ్ టైడ్ రావడానికి మాత్రం 1984 దాకా పట్టింది. కాల్షియాన్ని పట్టే సరుకును ద్రవంలో దండిగా కలిపి నిలవ ఉంచడం అంత తేలిక కాదు మరి. సోడా సంగతి మన రజకులకు కంపెనీల కన్నా ముందే తెలుసు. చౌటి మన్నుతో బట్టలు ఉబ్బ పెట్టినప్పుడు మురికి వదిలించింది ఆ సోడానే.

నీళ్ళ తర్వాత మరకను చూడు. ఎర్రమట్టి మరకకు పౌడరే మేలు. వేరుశనగ నూనె మరక, కూర జిడ్డు అయితే లిక్విడ్ బాగా వదిలిస్తుంది. మరక మీద నేరుగా నాలుగు చుక్కలు వేసి కాసేపు ఉంచే వీలు కూడా దానితోనే. చలికాలంలో చన్నీళ్ళతో ఉతికితే పౌడర్ సరిగా కరగక ముదురు రంగు బట్టల మీద తెల్ల చారలు మిగులుతాయి. ట్యాంకు ఎత్తు చాలక నీళ్ళు సన్నగా వచ్చే ఇళ్ళలో డ్రాయర్ బయటికి లాగి చూడు, అడుగున పౌడర్ గడ్డకట్టి ఉంటుంది. అలాంటి ఇంటికి లిక్విడ్ చెప్పు. అయితే డ్రాయర్‌లో లిక్విడ్‌కు అడ్డుబిళ్ళ ఉందో లేదో చూసి చెప్పు. అది లేకపోతే పోసిన లిక్విడ్ ముందే లోపలికి జారిపోతుంది. ప్రీవాష్ పెట్టిన రోజున మొదటి నీళ్ళతో పాటే డ్రెయిన్‌లోకి పోతుంది.

ఎప్పుడూ చన్నీళ్ళూ లిక్విడూ వాడే ఇంట్లో ఫ్రంట్ లోడ్ తలుపు రబ్బరు మడత విప్పి వేలు పెట్టి చూడు. నల్లటి జిగురు తగులుతుంది, వాసన అక్కడి నుంచే. నెలకోసారి బట్టలు వేయకుండా పౌడర్‌తో వేడి నీళ్ళ వాష్ తిప్పమని చెప్పు. హీటరు కడ్డీ మీద తెల్ల పెచ్చు కడితే నిమ్మఉప్పు వేసి అలాగే తిప్పాలి. రెండూ ఒకేసారి వేయనివ్వకు. సోడా, పులుపు కలిస్తే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది.

ధర్మవరం పట్టుచీర విషయంలో పౌడరా, లిక్విడా అన్న మాటే వద్దు. పట్టు ప్రోటీన్. చాలా డిటర్జెంట్లలో మరకలు తినే ఎంజైములు ఉంటాయి, ప్రోటీన్‌ను కరిగించేవి పట్టునూ కొరుకుతాయి. సోడా క్షారం దాని మెరుపు తీసేస్తుంది. చీరను డ్రైక్లీనింగ్‌కే ఇమ్మను.

ఎక్కువ పౌడర్ వేస్తే ఎక్కువ తెల్లదనం వస్తుందన్న భ్రమ పోగొట్టు. చేతి ఉతుకుడు పౌడర్ ఫ్రంట్ లోడ్‌లో వేస్తే నురగ పొంగుతుంది. బట్టలు ఒకదానికొకటి రాసుకోవు, మురికి పోదు, జాడించడానికి నీళ్ళు ఇంకా కావాలి. ట్యాంకరు కొనుక్కునే ఇంటికి ఆ నీళ్ళూ డబ్బే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఊళ్ళో మెషిన్ నీళ్ళు ఎవరూ ఊరికే వదలరు, పైపు కొబ్బరి చెట్టు పాదులోకి తిప్పుతారు. అక్కడ పౌడర్‌లోని సోడా పేరుకుంటూ పోతుంది. బట్టను తెల్లబరిచిన సోడాయే నేలను చౌడు చేస్తుంది. ఉప్పు నీళ్ళేమో పౌడర్ అడుగుతాయి, పెరడేమో వద్దంటుంది. ఈ చిక్కుకు డబ్బాలో జవాబు లేదు, పైపులో ఉంది. మొదటి వాష్ నీళ్ళు కాలువలోకి, చివరి జాడింపు నీళ్ళు చెట్టుకు వెళ్ళేలా అమర్చు. అలా కుదరని ఇంట్లో సోడా తక్కువుండే లిక్విడ్ చెప్పు. తెల్లదనం కొంచెం తగ్గుతుందని కూడా ముందే చెప్పు.

ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తమ సరుకు చెబితే ఇంత కమిషన్ ఇస్తామని నీ దగ్గరికి వస్తారు. తీసుకున్నావంటే ఆ రోజు నుంచి ఏ ఇంట్లోనూ నీళ్ళ సంగతి అడగాలనిపించదు. అడగడం మానినవాడికి ఈ పనిలో ఎదుగుదల లేదు.

ఇట్లు,
మీ మామ