నర్సరీ సీటుకు చర్చి సంతకం కావాలా?

ప్రశ్న: మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. హిందువులం. ఇంటి పక్కనున్న చర్చి స్కూల్లో మా పాపకు నర్సరీ సీటు ఇస్తారా?

జవాబు: నిరభ్యంతరంగా దరఖాస్తు పెట్టండమ్మా. అక్కడ చాలా చర్చి స్కూళ్లలో నర్సరీ నిబంధనలు రాసేది స్కూలు పాలకమండలే. అందుకే ఒక్కో స్కూలుది ఒక్కో పద్ధతి, ముందు వాళ్ల నిబంధనల పత్రం చదవండి. సీట్లకు మించి దరఖాస్తులు వస్తేనే ప్రాధాన్యాలు చూస్తారు: సాధారణంగా ప్రభుత్వ సంరక్షణలోని పిల్లలు ముందు, ఆపై అక్కో అన్నో అక్కడే చదువుతున్నవాళ్లు, చర్చికి క్రమం తప్పక వెళ్లే కుటుంబాలు, ఇంటి దూరం. చర్చి హాజరు చూపేవాళ్లకే పాస్టరు సంతకంతో అదనపు ఫారం. సీటు కోసం లేని భక్తి నటించకండి, స్కూలు పక్కనే ఇల్లుండటం మీ బలం.

అసలు చిక్కు వేరే ఉంది. నర్సరీలో చేరినంత మాత్రాన రిసెప్షన్ (నర్సరీ తర్వాతి తరగతి) సీటు దక్కినట్టు కాదు. దానికి జనవరి 15లోగా కౌన్సిల్‌కు మళ్లీ విడిగా దరఖాస్తు చేయాలి. ఈ సంగతి తెలియక, సీట్లు ప్రకటించే ఏప్రిల్‌లో కంగారుపడే తల్లిదండ్రులు ఎందరో.