పాత విద్యుత్ పనిముట్లు: తుడిచే ముందు చదవండి

అమెరికాలో స్థిరపడిన మనవారిలో చాలామందికి వారాంతపు గరాజ్ సేల్‌లు పరిచితమే. అక్కడ పాత సామానుల నడుమ, లోహపు తొడుగుతో బరువుగా ఉండే విద్యుత్ డ్రిల్లు తరచు కనిపిస్తుంది. కొన్నేళ్ళ క్రితం అటువంటి దానినొకటి కొని తెచ్చి, రసాయన శాస్త్రజ్ఞుడినన్న ధీమాతో ఎసిటోన్‌లో తడిపిన గుడ్డతో తుడిచాను. మురికితోపాటు దానిపై రంగుతో ముద్రించిన అక్షరాలన్నీ గుడ్డకు అంటుకొని వచ్చాయి. ఆ పనిముట్టు వయస్సు చెప్పగల సాక్ష్యాన్ని నా చేతులతోనే చెరిపివేశాను. ఆ పొరపాటు మరొకరు చేయకూడదన్నదే ఈ వ్యాసోద్దేశం.

చేతితో పట్టుకొనే విద్యుత్ డ్రిల్లును 1895లో జర్మనీకి చెందిన ఫైన్ సంస్థ రూపొందించింది. తుపాకి పిడివంటి పట్టు, వేలితో నొక్కే మీట గల నేటి రూపానికి మాత్రం బాల్టిమోర్ నగరం పుట్టినిల్లు. 1910లో అక్కడ సంస్థ స్థాపించిన డంకన్ బ్లాక్, అలోంజో డెకర్‌లకు ఈ నిర్మాణంపై 1917లో పేటెంటు లభించింది.

అమెరికాలో తయారైన పనిముట్టు కాలాన్ని నిర్ణయించడానికి దాని మీది అక్షరాలలో మూడు ఆధారాలు వెదకవచ్చు. మొదటిది పేటెంటు సంఖ్య. ఆ దేశపు పది లక్షవ పేటెంటు 1911లోను, ఇరవై లక్షవది 1935లోను, ముప్పై లక్షవది 1961లోను వెలువడ్డాయి. కనుక పనిముట్టు ఏ సంవత్సరానికి ముందుది కాజాలదో సంఖ్యను బట్టి తెలుస్తుంది. రెండవది తయారీదారు చిరునామా. నగరం పేరు తరువాత ఒకటి రెండు అంకెల తపాలా మండల సంఖ్య ఉంటే 1943-63 నాటి పద్ధతి. అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తరువాతిది. మూడవది విద్యుత్ పౌనఃపున్యం. 'సైకిల్స్' అన్న మాట పాతకాలానికి, 'హెర్ట్జ్' అన్నది తరువాతి కాలానికి సూచన.

పదార్థాలు కూడా చరిత్ర చెబుతాయి. నల్లని పిడి, స్విచ్చు తరచు బేకలైట్‌తో చేసినవై ఉంటాయి. 1907లో లియో బేకలాండ్ ఫీనాల్, ఫార్మాల్డిహైడ్‌ల కలయికతో సృష్టించిన ఈ పదార్థం ఒకసారి గట్టిపడిన తరువాత వేడికి కరగదు. లోపలి గ్రీజులోని నూనె దశాబ్దాలపాటు ఆక్సీకరణం చెంది మైనంవలె బిగుసుకొని ఉంటుంది. దానిని తీసివేసి క్రొత్తది పెట్టాలి. అరిగిన కార్బన్ బ్రష్షులను మార్చడానికి వీలుగా మోటారుకు ఇరువైపులా మరమూతలు అమర్చిన పనిముట్లు అనేకం. మరమ్మతు చేసి వాడుకొనవలెనన్న ఆలోచన ఆ నిర్మాణంలోనే ఉన్నది. వాటి గొప్పతనం అదే.

అయితే వాటిని మెచ్చుకొనడం వేరు, ప్లగ్గులో పెట్టడం వేరు. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్‌ల వల్ల పాత రబ్బరు పెళుసెక్కి బీటలు వారుతుంది. లోహపు తొడుగు, రెండే తీగలు గల డ్రిల్లులో ఆ రబ్బరు చిట్లి తీగ తొడుగును తాకితే, 120 వోల్టుల విద్యుత్తు నేరుగా పట్టుకొన్నవారి చేతికి చేరవచ్చు. కనుక తీగను మార్పించి, విద్యుత్ నిరోధాన్ని నిపుణునితో పరీక్ష చేయించి, ఎర్తింగు ఏర్పాటు చేయించిన తరువాతనే వాడాలి.

శుభ్రపరచడానికి ముందు ఛాయాచిత్రం తీయండి, అక్షరాలను కాగితంపై వ్రాసుకొనండి, పొడిగుడ్డతో మొదలుపెట్టండి. మరమ్మతు తరువాత నా డ్రిల్లు ఈనాటికీ చక్కగా తిరుగుతున్నది. అది ఎప్పటిదని పిల్లలు అడిగితే మాత్రం చెప్పడానికి నావద్ద ఏమీ మిగలలేదు.