అలవాటుపడిన చెవిని మేల్కొల్పడం

జ్ఞానేంద్రియాలను తాకిన ప్రేరణ మెదడుకు చేరడాన్ని మనోవిజ్ఞానశాస్త్రం సంవేదన అంటుంది. అలా చేరినదానికి గత అనుభవం అర్థాన్ని జోడించగా, దానిని ఒక వస్తువుగానో హెచ్చరికగానో గుర్తించడం ప్రత్యక్షం. మొదటిది ఆరోగ్యవంతులందరికీ ఇంచుమించు ఒకేలా దక్కితే, రెండవది సాధన వల్ల మాత్రమే పదునెక్కుతుంది. వ్యక్తిత్వ వికాస గ్రంథాలు ఏకాగ్రత అనే పేరుతో కలిపేసే ఈ రెండింటినీ విడదీసి చూడడానికి గోదావరిఖని చుట్టుపక్కల ఉన్న సింగరేణి భూగర్భ గనులు చక్కని ఆధారం.

స్థానికులు బాయి అని పిలిచే గనిలోకి పగటి వెలుగు నుంచి దిగినవారి కళ్లు చీకటికి వెంటనే అలవాటుపడవు. రంగులను, సూక్ష్మ వివరాలను గ్రహించే శంకు కణాలు సుమారు 10 నిమిషాల్లో సర్దుకున్నా, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు పూర్తిగా సిద్ధమవడానికి అరగంటకు పైగా పడుతుంది. టోపీకి అమర్చిన క్యాప్ ల్యాంప్ ఈ లోటును కొంత తీర్చినా, అది తల తిరిగిన వైపే వెలుగునిస్తుంది కనుక, చూడాలని తోచని మూల చీకటిలోనే ఉండిపోతుంది. అనేక ప్రేరణల్లో కొన్నింటినే ఎంచుకుని తక్కినవాటిని వదిలేసే మానసిక ప్రక్రియను అవధానం అంటారు. గనిలో ఆ ఎంపిక కంటికి కనిపించేటంత స్పష్టంగా జరుగుతుంది.

గనిలో పైకప్పును, అంటే రూఫ్‌ను, పరీక్షించే పద్ధతి ఇంకా లోతైన విషయం చెబుతుంది. ఇనుప కడ్డీతో తట్టినప్పుడు గట్టి రాయి ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. శబ్దం తేలనిచోట ఒక చేతి వేళ్లను రూఫ్‌కు ఆనించి, మరో చేత్తో తడుతూ ప్రకంపనను స్పర్శతో పసిగడతారు. కొత్తగా చేరినవాడి చెవిలోనూ అదే శబ్దం పడుతుంది, అయినా వందల సార్లు పోల్చి విన్నవాడికే అందులోని తేడా అపాయంగా వినిపిస్తుంది. తట్టా చెమ్మస్‌తో, అంటే బుట్టా పారతో, బొగ్గు ఎత్తిన రోజుల్లో రాతి చిటపటలు తేలిగ్గా వినిపించేవి. నేడు బొగ్గును ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రాల హోరు వాటిని మింగేస్తుంది. ఒక శబ్దం మరొక శబ్దాన్ని వినబడకుండా కప్పివేయడాన్ని శాస్త్రం ఆచ్ఛాదనం అంటుంది కాబట్టి, యంత్రాన్ని ఆపి తట్టి చూడడాన్ని కాలయాపనగా భావించేవారు వినికిడి ఎలా పనిచేస్తుందో తెలియనివారే అనాలి.

అనుభవానికి మరో ముఖం కూడా ఉంది. మార్పు లేకుండా పదేపదే వచ్చే ప్రేరణను మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. ఓసీపీ, అంటే ఉపరితల గని, సమీపంలో నివసించేవారు రోజువారీ బ్లాస్టింగ్‌కు ఉలిక్కిపడకపోవడం, వారింటికొచ్చిన చుట్టాలు బెదిరిపోవడం ఇందువల్లనే. 1948లో బ్రిటిష్ మనోవిజ్ఞాని నార్మన్ మాక్‌వర్త్, గడియారం ముల్లు అప్పుడప్పుడు వేసే రెట్టింపు గెంతును గుర్తించమని కోరి జరిపిన ప్రయోగంలో, తొలి అరగంట తర్వాత పరిశీలకుల పట్టు సడలుతున్నట్టు కనుగొన్నాడు. వారికి శ్రద్ధ లేకపోవడం కాదు, అరుదుగా కనిపించే సంకేతం కోసం ఎదురుచూడడమే మనసుకు భారం. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న కార్మికుడికి రూఫ్ మీద ఉండే నమ్మకం అందుకే అతని బలమూ, బలహీనతా కూడా. జాగ్రత్తగా ఉండమని గోడ మీద రాసిన నినాదం ఈ సమస్యను తీర్చదు, ఎందుకంటే నినాదానికీ కన్ను అలవాటుపడుతుంది. చేతిలో కడ్డీ పట్టుకుని తట్టడం అనే శారీరక చర్య మాత్రం చెవికి ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న వేస్తుంది.

స్మృతి విషయంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. అర్థంలేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి పరీక్షించుకున్న జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్, మరుపు తొలి గంటల్లోనే అతి వేగంగా సాగుతుందని 1885లో ప్రకటించాడు. బ్రిటిష్ మనోవిజ్ఞాని బార్ట్‌లెట్ 1932లో మరో అడుగు ముందుకు వేసి, మనిషి జ్ఞాపకంలోని ఖాళీలను తనకు మామూలుగా తెలిసినదానితో పూరిస్తాడని వివరించాడు. షిఫ్ట్ ముగిశాక, గనిలో భద్రతను తనిఖీ చేసే మైనింగ్ సర్దార్ రాసే తనిఖీ నివేదికకు ఈ రెండూ వర్తిస్తాయి: ఆలస్యమైనకొద్దీ నేటి రూఫ్ స్థానంలో రోజూ చూసే రూఫ్ వచ్చి చేరుతుంది, నిన్నటి వాక్యమే నేడు మళ్లీ రాయడం సులువవుతుంది. పగులు కనిపించిన జంక్షన్, అంటే గని దారులు కలిసే చోటు, దగ్గరే నిలబడి, దాని చోటును, పొడవును చిన్న పుస్తకంలో గుర్తు వేసుకున్న సర్దార్ పైకి వచ్చాక జ్ఞాపకాన్ని తడుముకోనక్కర్లేదు.