కాచిన నీళ్ళ ముచ్చట

చెల్లీ, బీఎస్సీ అయిపోయింది, ప్రజారోగ్యం పీజీ, అదే ఎంపీహెచ్‌లో చేరనా అని నువ్వు అడిగినప్పటి నుంచీ నా మనసు నల్గొండ వైపే లాగుతోంది.

నా ఎంపీహెచ్ రెండో ఏడు ప్రాజెక్టు పని మీద అక్కడో పల్లెకి వెళ్ళాను. ఓ అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కనే మనవడు, నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు. "అవ్వా, నీళ్ళు కాచి చల్లార్చుకుని తాగు" అన్నాను. మనింట్లో అమ్మ రోజూ చెప్పే మాటే కదా!

"కాగవెట్టుకునే తాగుతున్న బిడ్డా. మరి నడుమెందుకు వంగుతలేదు?" అంది.

నోట మాట రాలేదు. ఆ రాత్రి పుస్తకం తీస్తే సిగ్గుతో చచ్చిపోయాను. కాస్తే క్రిములు చస్తాయి గానీ, ఆ పళ్ళ చారలకీ బిగిసిన నడుముకీ కారణమైన ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ మిగిలినవాటిలో ఇంకాస్త పెరుగుతుంది కూడా. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా అని మన దేశపు ప్రమాణం.

మర్నాడు బోరు దగ్గర ప్లాస్టిక్ సీసాని అవే నీళ్ళతో కడిగి నింపాను. ల్యాబ్‌లో అందులో ఎర్రటి మందు కలిపారు. ఫ్లోరైడ్ ఎంత ఉంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుంది. మా సీసాలో రంగు కళ్ళముందే పాలిపోయింది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఈ చదువంటే ఇదే చెల్లీ. డాక్టరు అవ్వ నడుము చూస్తారు. మనం ఆ వీధిలో ఎవరు ఏ బోరు నీళ్ళు తాగుతున్నారో ఇంటింటికీ తిరిగి రాసుకుంటాం. 1854లో లండన్‌లో కలరా చావుల్ని ఇళ్ళ లెక్కన మ్యాపు మీద పెట్టి, జాన్ స్నో బ్రాడ్ స్ట్రీట్ బోరింగుని పట్టుకున్నదీ ఇలాగే. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఫ్లోరోసిస్, మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఇన్నేళ్ళు గడిచాయి, ఆ పిల్లాడి పళ్ళ మీద మాత్రం చారలు అలాగే ఉన్నాయి! ఇక శ్రీకాకుళం వైపు ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, ఫలానా కారణమని ఇప్పటికీ తేలలేదు. నీలాంటి ఓపికున్న పిల్లలు ఇటు రావాలని నా ఆశ.

కోర్సు రెండేళ్ళు. డాక్టర్లే చదవాలని లేదు. మా తరగతిలో నర్సింగ్, సోషల్ వర్క్ చేసినవాళ్ళూ ఉన్నారు. బయోస్టాటిస్టిక్స్ మొదట్లో ఏడిపిస్తుంది, భయపడకు. హైదరాబాద్‌లోనే సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, ఐఐపీహెచ్ ఉంది, రెండుచోట్లా కనుక్కో.

వచ్చేసే రోజు మళ్ళీ ఆ అరుగు దగ్గరికి వెళ్ళాను. ఇంట్లో శుద్ధి చేసిన నీళ్ళిచ్చే మిషన్ భగీరథ నల్లా ఉంది. రుచిగా లేవని ఆ నీళ్ళు గిన్నెలు తోమడానికి వాడుతున్నారు. తాగడానికీ వంటకీ అవే పట్టుకో, బోరు నీళ్ళు ముట్టుకోవద్దు, కాచినా లాభం లేదని కూర్చోబెట్టి చెప్పాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"గీ ముచ్చట మొదటి దినమే చెప్పకపోతివి బిడ్డా."