కోతపండుగ వేలమునకు సిద్ధపాటు

చదువవలసిన భాగము: ద్వితీయోపదేశకాండము 26:1–11

వరి కుప్పలు నూర్చి, గింజ ఇంటికి చేరిన తరువాత కోతపండుగ జరుపుకొనుట మన సంఘములలో చాలచోట్ల వాడుక. పై భాగములో ఇశ్రాయేలీయుడు ప్రథమఫలములను గంపలో పెట్టుకొని యాజకునియొద్దకు రావలెను. తన పితరులు పడిన బాధలను, దేవుడు వారిని విడిపించిన విధమును అక్కడ చెప్పుకొనవలెను. గంప ఎంత పెద్దదై యుండవలెనో ఎక్కడను వ్రాయబడలేదు. పదకొండవ వచనములో లేవీయుడును పరదేశియు అతనితో కూడ సంతోషింపవలెనని యున్నది. భూమిలేనివారు ఆ పండుగలో దూరముగా నిలిచి చూచువారు కారు, పాలివారు. మన ఏర్పాట్లను ఈ రెండు సంగతులతో సరిచూచుకొందము.

తేదీని నెలరోజుల ముందే ఆరాధనలో ప్రకటింపవలెను. సంతరోజు తగులకుండ, కూలిపనులు తగ్గిన తరువాత పెట్టుకొనుట మంచిది.

తెచ్చిన వస్తువులను అందుకొనుటకు ఇద్దరు కూర్చుండి, ప్రతిదానికి నంబరు చీటీ కట్టి పుస్తకములో వ్రాయుదురు గాక. పుస్తకములో పేరు ఉండవచ్చును గాని, వేలములో ‘ఇది ఫలానివారిది’ అని కేక వేయరాదు. ఒకరు బస్తా ధాన్యము తెత్తురు, ఒక విధవరాలు నాలుగు కోడిగ్రుడ్లు తెచ్చును. పేర్లు కేకవేసిన చోట ఆమె మరుసటి సంవత్సరము రాదు. ఎసరు పెట్టినప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి దాచిన స్త్రీల సంచులను బస్తాల ప్రక్కనే, బల్లమీదనే ఉంచవలెను.

పాలు, కూరగాయలు ఎండకు ఆగవు గనుక వాటిని ముందు పాడవలెను. కోళ్ళను కాళ్ళు కట్టి ఎండలో పడవేయుట చాలచోట్ల చూచుచున్నాము. వాటికి నీడయు నీళ్ళును కావలెను (సామెతలు 12:10 చూడుడి).

వేలములో అసలు చిక్కు పంతము. ఒక గుమ్మడికాయమీద బావాబావమరదులిద్దరు పంతము పట్టినయెడల చుట్టునున్నవారు చప్పట్లు కొట్టుదురు, పాట చెప్పువాడు ఇంకొంచెము రేపును. ఆ సాయంకాలము మొత్తము పెద్దదిగా కనబడును. సొమ్ము మాత్రము రాదు. ఆరు నెలల తరువాత కూడ పుస్తకములో ‘బాకీ’ అనియే యుండును. ఆ బాకీకి సిగ్గుపడి ఒక ఇంటివారు ఆరాధనకు రావడము మానుకొనుట మనము ఎరుగనిది కాదు. ఒక కుటుంబమును పోగొట్టుకొని సంపాదించిన గుమ్మడికాయ ధర ఎంతటిది? ఎవరు వర్ధిల్లిన కొలది వారు తీసి ఉంచవలెనని పౌలు కొరింథీయులకు చెప్పెను (1 కొరింథీయులకు 16:2). అప్పుతో పాడుమని చెప్పలేదు. కావున సొమ్ము చెల్లించిన తరువాతనే వస్తువు ఇయ్యవలెను. ఈ మాట వేలము మొదలుకాకముందే చెప్పుడి; మధ్యలో చెప్పినయెడల ఎవరినో ఉద్దేశించి చెప్పినట్లగును. పాట చెప్పుటకు నవ్వించువానికంటె ఆపగలవానిని ఎన్నుకొనుడి. నవ్వించువారు ప్రతి ఊరిలోను దొరకుదురు.

స్త్రీల సమాజమువారి అంగళ్ళకు ఇంత చిక్కు లేదు. అరిసెలు, చెక్కలు, ఊరగాయలు బాగుగా పోవును. ధరలు పలకమీద వ్రాసి, చిల్లర ముందురోజే తెచ్చుకొనవలెను. ఐదు, పది రూపాయలకు పిల్లలు కొనుక్కొనదగినవి కొన్ని తప్పక ఉండవలెను. ఇతర మతస్థులైన పొరుగువారు వచ్చినయెడల ముందు కూర్చుండబెట్టి మంచినీళ్ళు ఇయ్యుడి. కొనుట తరువాతి సంగతి.

ఇప్పుడు చాలమంది ఫోనుతోనే చెల్లించుచున్నారు. ఆ సొమ్ము సంఘము ఖాతాలో పడవలెను గాని కోశాధికారి సొంత ఖాతాలోనైనను, పాదిరిగారి ఖాతాలోనైనను పడరాదు. మేము పాదిరులమైయుండియే ఈ మాట వ్రాయుచున్నాము. చందా విషయములో తనమీద ఎవరును తప్పు మోపకుండునట్లు పౌలంతటివాడే తీతుతో కూడ మరియొక సహోదరుని పంపెను (2 కొరింథీయులకు 8:16–21). ఆ రాత్రియే ముగ్గురు కూర్చుండి లెక్క చూచి, తరువాతి ఆదివారము సంఘమునకు చదివి వినిపింపవలెను.

అమ్ముడుపోని కూరగాయలు, వంటకములు కొన్ని మిగులును. రోగులు, ముసలివారు, పండుగకు రాలేకపోయినవారు ఎవరెవరో ముందుగనే చీటీ వ్రాసి, ఏ ఇంటికి ఎవరు మోసికొనిపోవలెనో యౌవనస్థులకు చెప్పి యుంచుడి (నెహెమ్యా 8:10). చీకటి పడకముందే పంపవలెను. ముసలివారు పెందలకడనే పండుకొందురు.