సగంలో ఆగిన పనికి చోటు

చి.ల.సౌ. అమ్మాయికి, మీ పెదనాన్న దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. పిల్లలిద్దరికీ జ్వరాలు తగ్గాయన్న ముక్క చదివి వినిపించాక గానీ మీ పెద్దమ్మ కుదుటపడలేదు. ఆ తర్వాత రాసిన సంగతే నన్ను ఆలోచనలో పడేసింది. పెద్దవాడికి ఎనిమిదేళ్లు నిండినా ఏ పనీ నిలకడగా చెయ్యడనీ, అట్టపెట్టెలతో హాలంత రైల్వే స్టేషను మొదలుపెట్టి మర్నాటికి దాని ఊసే ఎత్తడనీ, చిన్నవాడికీ అదే అలవాటు అంటుకుంటోందనీ, అందుకని వేసవిలో ఇద్దర్నీ డ్రాయింగు క్లాసుకీ, కీబోర్డు క్లాసుకీ, అబాకస్‌కీ పంపుతాననీ రాశావు. అదే కాగితం వెనకవైపు, రాత్రి వాళ్లు నిద్రపోయాక హాలంతా ఊడ్చి, అట్టముక్కలూ కాగితాలూ సంచిలో వేసి బయట పెడితే గానీ నీకు కన్ను మూతపడదని కూడా రాశావు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడమ్మా. పిల్లవాడు పని వదిలేస్తున్నాడా, లేక వాడు పొద్దున లేచేసరికి ఆ పనే ఇంట్లో లేకుండా పోతోందా? నాకు రెండోదే నిజమనిపిస్తోంది. నిన్ను తప్పుపడుతున్నానని అనుకోకు. ఆఫీసు నుంచి ఏడింటికి ఇల్లు చేరి, వండి, ఇద్దరికీ అన్నాలు పెట్టి, ఆపైన ఇల్లు సర్దే మనిషిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

నేను చెప్పదలచింది ఒక్కటే. సగంలో ఆగిన పని ఆగినట్టే తెల్లారేదాకా ఉండడానికి ఇంట్లో ఓ చోటు కావాలి. అది లేని ఇంట్లో ఏ సరదా పనీ వేళ్లూనుకోదు. బడి నుంచి వచ్చి, పాలు తాగి, హోంవర్కు ముగించి, స్నానానికీ భోజనానికీ మధ్య పిల్లవాడికి మిగిలేది మహా అయితే ఓ గంట. స్టేషను గంటలో పూర్తికాదు. తలుపులు తెరుచుకునే ఇల్లు కాదు, పటం గీసి రంగులు వేసి ఆరబెట్టే బొమ్మ కాదు, మొలకెత్తించి చూసే శనగలైతే అసలే కాదు. ఏ రాత్రికారాత్రి అన్నీ చెరిగిపోయే ఇంట్లో గంటలో మొదలై గంటలో ముగిసే పనులే మిగులుతాయి. అలాంటివి చేసీ చేసీ పిల్లవాడు పెద్ద పని తలపెట్టడమే మానేస్తాడు. తలపెట్టినా రేపు ఉండదని వాడికి తెలుసు. నువ్వు నిలకడ లేకపోవడం అంటున్నది వాడి దృష్టిలో సరైన లెక్క.

నిలకడ పుట్టుకతో వచ్చే గుణమనీ, కొందరికి ఉంటుందనీ కొందరికి ఉండదనీ నువ్వు అనవచ్చు. కానీ దీన్ని పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. 1920లలో బెర్లిన్‌లో కుర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర, రష్యా సామ్రాజ్యంలో పుట్టిన ఇద్దరు యువతులు పరిశోధన చేశారు. మొదటామె బ్లూమా జైగార్నిక్. మట్టిబొమ్మ చెయ్యడం, అట్టపెట్టె కట్టడం, లెక్కలు చెయ్యడం లాంటి చిన్న చిన్న పనులు మనుషులకిచ్చి, కొన్నింటిని పూర్తికానిచ్చి, కొన్నింటిని మధ్యలో ఆపించింది. ఆగిపోయినవే బాగా గుర్తున్నాయని 1927లో ప్రకటించింది. మరుసటి ఏడు మరియా ఓవ్‌సియాంకినా ఇంకో అడుగు ముందుకు వేసింది. పని మధ్యలో ఆపించి, మళ్లీ చెయ్యమని చెప్పకుండా వాళ్లను వాళ్ల మానాన వదిలేసింది. చాలామంది తమంతట తామే ఆ పనికి తిరిగి వచ్చారు. జైగార్నిక్ చెప్పిన జ్ఞాపకశక్తి సంగతి తర్వాతి పరీక్షల్లో అంత గట్టిగా నిలవలేదు, నిజమే. ఆపిన పనికి మనిషి మళ్లీ వస్తాడన్నది మాత్రం నిలిచింది. మీ వాడిలోనూ ఆ లాగుడు ఉంటుంది. కాకపోతే తిరిగి రావడానికి పని అక్కడ ఉండాలి కదా!

మరియా మాంటిస్సోరి పేరు నీకు తెలుసు, పెద్దవాణ్ని ఆ పద్ధతి బడిలోనే మొదట వేశావు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల చాలా ఏళ్లు ఈ దేశంలోనే ఉండిపోయి, మన ఉపాధ్యాయులెందరికో శిక్షణ ఇచ్చిన మనిషి. 1907లో రోము నగరంలో పేదల పిల్లల కోసం తెరిచిన తన తొలి బడి రోజుల్లోని ఒక సంఘటన ఆమె రాసింది. మూడేళ్ల పిల్ల కొయ్య దిమ్మెలను వాటి గుంటల్లో అమరుస్తూ కూర్చుంది. మిగతా పిల్లల చేత చుట్టూ పాటలు పాడించారు. ఆ పిల్లను కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టారు. దిమ్మెలను ఒళ్లో పట్టుకుని నలభైసార్లకు పైగా అదే పని చేసి, తనంతట తాను ఆపి, సంతోషంగా చుట్టూ చూసింది. పసిపిల్లలకు ఏకాగ్రత ఉండదనుకునే కాలమది. ఆ పిల్లలో అంత ఏకాగ్రత బయటపడటానికి కారణం, ఆమె ముందున్న పనిని ఎవరూ లాక్కోకపోవడమే. పక్కన గడియారం పెట్టుకుని కూర్చున్న మనింట్లో అయితే ఆ పిల్లను అయిదో మాటుకే అన్నానికి లేపేస్తాం.

ఇక అల్లుడి ఫోను సంగతి. పెద్దవాడు మైన్‌క్రాఫ్ట్ ఆటకు అతుక్కుపోతున్నాడని బెంగపడ్డావు. ఆ ఆట ఏమిటో కనుక్కున్నాను. అందులో పిల్లలు దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇళ్లు, కోటలు, వంతెనలు కడతారు. అంటే హాల్లో మీవాడు అట్టలతో చేసే పనే. తేడా ఒక్కటే. ఫోనులో కట్టిన గోడ ఎక్కడ ఆపాడో మర్నాడు సాయంత్రం అక్కడే ఉంటుంది, వారం తర్వాతా ఉంటుంది. అట్టల గోడ మున్సిపాలిటీ బండిలో వెళ్లిపోయి ఉంటుంది. కార్టూను చూస్తూ ఆపితే అది కూడా ఆపిన చోటి నుంచే మొదలవుతుంది. పిల్లవాడి సగం పనిని ఇల్లు గౌరవించడం లేదు, ఫోను గౌరవిస్తోంది. అలాంటప్పుడు వాడు ఎటు వెళతాడు? ఫోను వెలుగుకీ రంగులకీ పిల్లలు లొంగిపోతారన్న మాటలో నిజముంది. దాన్ని కాదనను. కానీ ఆ వెలుగునూ రంగులనూ మనం ఆపలేం. ఆపిన పనిని ఆపిన చోటే ఉంచే ఈ ఒక్క సుగుణం మాత్రం మనమూ పైసా ఖర్చు లేకుండా ఇవ్వగలం.

చేతిపని మీద బతికిన మనవాళ్ల ఇళ్లు చూడు. మంగళగిరిలోనైనా పోచంపల్లిలోనైనా నేతగాడి ఇంట్లో గుంటమగ్గం ఉన్న చోటుకే మిగతా సంసారం సర్దుకుంటుంది. చీర సగమే నేశారని రాత్రి పడుగు విప్పి చుట్టబెట్టరు. తోడు పెట్టిన పాలగిన్నెను ఎవరూ కదపనట్టే దాన్నీ కదపరు. అది జీవనాధారం, హాబీకీ దానికీ పోలికేమిటంటావేమో. సరే, జీవనాధారం కాని పని ఒకటి చెబుతాను. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు మానేశాడు. ఒక్కో చీరకు తొమ్మిదివేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూ, నేతకు ముందు నూలుతో ఆసు పోసే తల్లి భుజాల నొప్పి చూడలేక, 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టాడు. డబ్బు లేక ఆగింది, భాగాలు కుదరక ఆగింది, చుట్టుపక్కలవాళ్లు దండగమారి పని అన్నారు. 1999కి గానీ అది పూర్తికాలేదు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఏడేళ్లూ అది చూసేవాళ్లకు ఇనప తుక్కూ చెక్కముక్కలే. ఎవరైనా శుభ్రం పేరుతో ఊడ్చి పారేసి ఉంటే ఈనాడు ఎందరో ఆడవాళ్ల భుజాలు ఇంకా అరిగిపోతూ ఉండేవి. మీ పిల్లలు యంత్రాలు కనిపెట్టాలని నా కోరిక కాదు. పూర్తికాని పనికీ చెత్తకూ పైకి తేడా కనిపించదని మాత్రం నువ్వు గుర్తుపెట్టుకోవాలి.

రెండు బెడ్‌రూముల ఫ్లాటులో చోటెక్కడిదని అడుగుతావు. అందుకే గది అడగడం లేదు, చెక్క అడుగుతున్నాను. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ చెక్కలు రెండు, ఒక్కొక్కడికి ఒకటి. అంచుల చుట్టూ అరంగుళం బీడింగు కొట్టించు, గోళీలూ పూసలూ దొర్లిపోకుండా. అడుగున నాలుగు మూలలా చిన్న చక్రాలు బిగిస్తే మంచం కిందకు తోసేయవచ్చు. మంచం ఎత్తు చాలకపోతే చక్రాలు మానేసి బీరువా మీద పెట్టు. పని ఆపే వేళకు చెక్కతో సహా లోపలికి పోతుంది, మర్నాడు చెక్కతో సహా బయటికి వస్తుంది. ప్లైవుడ్ సన్నంగా ఉంటే మధ్యలో వంగుతుంది, ముప్పావు అంగుళం మందం తీసుకో. కొట్టువాడు కోసి ఇచ్చాక అంచులు గరుకు కాగితంతో రుద్దించు, చిన్నవాడి వేళ్లలో పేళ్లు దిగకుండా. క్యారమ్ బోర్డు ఉంది కదా అనకు, దాని మీద ఆట కావాలన్నప్పుడల్లా పని తీసెయ్యాల్సి వస్తుంది. ఈ చెక్క మీద ఇంకేదీ పెట్టకూడదు. ఆరేసిన బట్టలూ, కూరగాయల సంచీ, నీ లాప్‌టాప్ కూడా వద్దు. ఈ ఒక్క నియమం మీద నేను ఎంతైనా పట్టుబడతాను.

మీ అత్తగారికి ఇల్లు అద్దంలా ఉండాలి. ఆవిడ మాట తీసెయ్యదగింది కాదు. చిందరవందరగా ఉన్న ఇంట్లో పెద్దవాళ్లకు కాలు జారుతుంది, పురుగూ పుట్రా చేరుతుంది. శుభ్రం పిల్లలకు నేర్పవలసిందే. చెక్క మీద లేనిదంతా రాత్రి ఊడ్చేయవచ్చని ఇద్దరికీ ముందే చెప్పు, చెప్పినట్టే చెయ్యి. అప్పుడు ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్నది వాళ్లే తేల్చుకుంటారు. ఇప్పుడు ఆ తీర్పు నీది, అదీ వాళ్లు నిద్రలో ఉండగా.

ఇంతకంటే గట్టి చిక్కు ఇంకొకటుంది. అన్న కట్టింది తమ్ముడు కూలుస్తాడు. అయిదేళ్లవాడు పగతో కూల్చడు. అన్న చేసే పనిలో తనకూ చెయ్యి కావాలి, ఆ చెయ్యి పెట్టడం ఇంకా చేతకాదు. అందుకే రెండు చెక్కలన్నాను. పెద్దవాడిది తమ్ముడికి అందని ఎత్తులోనూ, చిన్నవాడిది కిందనూ ఉంచు. ఒకడి చెక్క ఇంకొకడు ముట్టుకోవాలంటే అడగాలి, ఈ నియమం నీకూ అల్లుడికీ కూడా వర్తిస్తుంది. అయినా ఏదో రోజు కూలుతుంది, ఏడుపులు తప్పవు. అప్పుడు వెంటనే చిన్నవాడి వీపు మీద చెయ్యి వెయ్యకు. కూలిన భాగం కట్టేటప్పుడు పెద్దవాడు తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అట్టముక్క అందివ్వమంటే చాలు. ఇద్దరు మగపిల్లలున్న ఇంట్లో ఒకడి పనిని ఇంకొకడు గౌరవించడం కన్నా ముందు నేర్పవలసింది నాకేదీ కనబడదు. పనే రేపటికి మిగలని ఇంట్లో ఆ గౌరవం దేని మీద నేర్పుతావు?

అన్నీ సగం సగమే ఉండిపోతే ముగించడం ఎప్పుడు నేర్చుకుంటారంటావా? ఒక్కొక్కడికి చెక్క ఒక్కటే కదా, కొత్తది మొదలుపెట్టాలంటే పాతది తియ్యాలి. ఆదివారం పొద్దున ఇద్దర్నీ అడుగు, ఉంచుతావా విప్పేస్తావా అని. విప్పేస్తానంటే వాడి చేత్తోనే విప్పించు. విసుగొచ్చి మానేసిన పనిని తానే విప్పి, పనికొచ్చే ముక్కలు డబ్బాలో వేసుకున్న పిల్లవాడు దాన్ని ఒక రకంగా ముగించినట్టే. ఇక నువ్వు రాసిన వేసవి క్లాసుల విషయంలో నాకు విరోధం లేదు. కీబోర్డు మీద వాడికే మనసుంటే పంపు. కానీ బహుమతులూ సర్టిఫికెట్లూ ఆశపెట్టే చోట జాగ్రత్త. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు బొమ్మలు వెయ్యడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లలను తీసుకుని, బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే ఆశపెట్టారు. తర్వాత ఖాళీ సమయంలో గమనిస్తే, ఆశ పెట్టని పిల్లలతో పోలిస్తే వీళ్లు బొమ్మల మీద గడిపిన సమయం సగానికి పడిపోయింది. ఇష్టంతో చేసే పని వాళ్లకు జీతానికి చేసేదైపోయింది.

చివరగా నీ గురించి. చిన్నవాడు పుట్టినప్పుడు అటకెక్కించిన కుట్టుమిషను దింపించు తల్లీ. అల్లుడు పాత రేడియోలు విప్పి బాగుచేసే పని మానేశాడని విన్నాను, ఆ పెట్టె కూడా దింపించు. సూదులూ, కత్తెరా, టంకం వేసే ఐరనూ పిల్లలకు అందకూడదు, పని ఆపగానే అవి బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. సగం కుట్టిన జాకెట్టు మాత్రం మిషను మీదే ఉండనీ. విప్పిన రేడియో బల్ల మీదే ఉండనీ. అమ్మ నిన్న ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే ఇవాళ కుట్టడం పిల్లలు చూస్తారు. వాళ్ల కోసమని ఇది రాస్తున్నాను గానీ, నీ కోసం కూడా. పెళ్లికి ముందు నువ్వు అద్దాలు పెట్టి కుట్టిన పరికిణీలు మీ పెద్దమ్మ పెట్టెలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. అంత చెయ్యి ఉన్న మనిషికి ఏళ్ల తరబడి కుట్టు లేకపోవడం ఒంటికీ మంచిది కాదు, మనసుకీ మంచిది కాదు. టైమెక్కడిదంటే, జాకెట్టు మిషను మీదే ఉంటే పదిహేను నిమిషాలు చాలు. సామానంతా తియ్యడం, సర్దడంతోనే ఆ కాస్త సమయం కరిగిపోతోంది.

మంచం కింద ఎత్తు ఎంతుందో టేపుతో కొలిచి అంగుళాల్లో రాసి పంపు. చక్రాలు పట్టేదీ లేనిదీ చూసి, నీకు కొట్టుకు తిరిగే పని లేకుండా రెండు చెక్కలూ నేను చెప్పినట్టే ఇక్కడే మన వడ్రంగి చేత చేయించి, వచ్చేవారం మీ తమ్ముడు కారులో వస్తుంటే పంపిస్తాను. పెద్దమ్మ కందిపొడీ, చిన్నవాడికి బెల్లం సున్నుండలూ కడుతోంది. వేళకు తిను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న