మైకు లేని వీణ

ప్రశ్న: మాది బొబ్బిలి. పద్నాలుగేళ్లుగా ఘాజియాబాద్ ఇందిరాపురంలో ఉంటున్నాం. మా నాన్నగారు 1980లలో ఒక దేశీ కంపెనీ స్టీరియో కొన్నారు. ఆయన మీది గౌరవంతో నేనూ ఆంప్లిఫయరు, స్పీకర్లు అన్నీ ఆ కంపెనీవే కొంటూ వచ్చాను. మొన్న ఢిల్లీలో మండీ హౌస్ దగ్గర వీణ కచేరీ విని ఇంటికొచ్చి, అవే కృతులు రికార్డులో పెడితే పేలవంగా అనిపించింది. స్నేహితులు విదేశీ స్పీకర్లు కొనమంటున్నారు. కంపెనీ మార్చమంటారా?

జవాబు: మీ నాన్నగారి అభిమానం నాకు అర్థమవుతుంది. విదేశీ సామాను సుంకాలతో అందని రోజులవి. 1970లో కోల్‌కతాలో మొదలైన సోనోడైన్ లాంటి కంపెనీలే మధ్యతరగతి ఇళ్లకు మంచి సౌండు తెచ్చాయి. ఆ కృతజ్ఞతను వదులుకోమని నేను చెప్పను. కానీ కంపెనీ సంగతి తర్వాత, ముందు ఆ హాల్లో మీరు విన్నదేమిటో చూద్దాం. వీణకు మైకు పెట్టి ఉంటారు. అంటే మీ చెవిన పడింది చాలావరకు హాలు స్పీకర్ల ధ్వనే. ఇంట్లో మీరు పెట్టుకునే దానికంటే బాగా ఎక్కువ సౌండు, చుట్టూ వందలమంది, ఎదురుగా విద్వాంసుల వేళ్లు. ఇవన్నీ కలిసి మిమ్మల్ని కదిలించాయి. వీటిలో ఏ ఒక్కటీ డబ్బాలో పెట్టి అమ్మేది కాదు.

మీది బొబ్బిలి కాబట్టి ధైర్యంగా ఒక పని చెబుతాను. సెలవులకు వెళ్లినప్పుడు పక్కనే ఉన్న గొల్లపల్లి వెళ్లండి. ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేసే ఊరది. అక్కడ ఎవరినైనా అడిగి, మైకు లేకుండా, నాలుగడుగుల దూరంలో కూర్చుని పావుగంట వినండి. వీణ ఎంత మెల్లగా పలుకుతుందో చూసి ఆశ్చర్యపోతారు. మీటు చప్పుడు, ఆ వెనకే తంతిని లాగితే గమకం సాగి సాగి సన్నబడటం, ఆఖరున కర్రలో మిగిలే గుంయిమనే నాదం. ఇది చెవికెక్కాక ఏ స్పీకరు నిజం పలుకుతోందో మీకు మీరే చెప్పగలరు. ఈ పరీక్ష నేను కనిపెట్టింది కాదు. వార్ఫ్‌డేల్ స్పీకర్ల కంపెనీ స్థాపకుడు గిల్బర్ట్ బ్రిగ్స్ 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో వాద్యకారుల్ని, రికార్డుల్ని ఒకే వేదిక మీద మార్చి మార్చి వినిపించాడు. స్పీకర్లు అమ్ముకునే మనిషే అసలు వాద్యం పక్కన తన సరుకును నిలబెట్టాడన్నమాట.

ఆ తర్వాత దుకాణానికి వెళ్లండి. బాగా తెలిసిన వీణ రికార్డు ఒకటి పట్టుకెళ్లండి. ఈమని శంకరశాస్త్రి గారిదైతే మరీ మంచిది, ఆయన ఢిల్లీ ఆకాశవాణిలోనే ఏళ్లపాటు వాద్యబృందాన్ని నడిపారు. రెండు జతల స్పీకర్లు పోల్చేటప్పుడు సౌండు సమానంగా ఉంచమని గట్టిగా అడగండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్నే మెచ్చుకుంటుంది. ఏది మోగుతోందో మీకు చెప్పవద్దనండి. మీ పాత కంపెనీదే నచ్చితే నిశ్చింతగా అదే తెచ్చుకోండి. వాట్ల సంఖ్య చూసి మోసపోకండి, వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే.

అసలు కొనేముందే మీ గది చూసుకోండి, సౌండు పేలవమవడానికి గదీ కారణం కావచ్చు. చలువరాతి నేల, ఖాళీ గోడలు, గోడకు ఆనించిన స్పీకర్లు, మన అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఇదే తీరు. స్పీకర్లను రెండడుగులు ముందుకు జరిపి, మధ్యలో మందపాటి తివాచీ పరచి, పక్క గోడకు పుస్తకాల అలమార పెట్టి ఒక వారం వినండి.

ప్రశ్న: వైశాలిలో ఉంటాం. మా పాపకు పదేళ్లు, ఫోన్లో తప్ప సంగీతం వినలేదు. ఎక్కడికి తీసుకెళ్లాలి?

జవాబు: మీ దగ్గర మెట్రో బ్లూ లైన్ ఎక్కితే నేరుగా మండీ హౌస్. కమానీ ఆడిటోరియం, త్రివేణి కళాసంగమ్ అక్కడినుంచి నడిచిపోయే దూరమే. 1977లో మొదలైన స్పిక్ మెకే అనే శాస్త్రీయ కళల సంస్థ పెట్టే కచేరీలకు టికెట్టు ఉండదు. మొదటిసారి అరగంట చాలు. ముందు వరుసలో, మృదంగం వాయించే చేతులు కనబడేలా కూర్చోబెట్టండి.